పాటిదిబ్బ మీద అత్త ఇల్లు

ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కి, సగం దారిలో దిగి, నల్లరేగడి చేల మధ్య బండిబాట పట్టి నడిస్తే మా ఊరు వస్తుంది. ముందు ఊరు కనిపించదు, బురుజు కనిపిస్తుంది. తర్వాత చింతచెట్లు, ఆ తర్వాత చౌడుమట్టి కప్పిన మిద్దెలు. ఎదురుగాలి ఉన్న రోజుల్లో వీటన్నిటికంటే ముందు పొయ్యి పొగ వాసన వస్తుంది.

మా ఊరు చాలా పాతది. ఎంత పాతదో ఎవరూ రాసిపెట్టలేదు. సివిల్ డిప్లొమా చదివిన రోజుల నుంచి నాకు దేన్నయినా విడదీసి వరసలో పెట్టుకొని చూడటం అలవాటు. అందుకని ఊళ్ళో ఉన్న పాతవాటిని కూడా కొత్త నుంచి పాత వైపు ఒక వరసలో పెట్టుకున్నాను. అన్నిటికంటే కొత్తది బడి. అది ఇంగ్లీషు కుంపిణీ కాలపు చావడిలో నడిచేది. దానికంటే పాతది బురుజు. ఆదోని కోటలో నవాబులు ఉన్నప్పుడు, గుర్రాల మీద వచ్చి దోచుకుపోయేవాళ్ళను దూరం నుంచే కనిపెట్టడానికి కట్టారంటారు. మేం దాన్ని ఎక్కి బస్సు వస్తుందో లేదో చూసేవాళ్ళం. దానికంటే పాతది ఆంజనేయస్వామి గుడి ముందరి శాసనం రాయి. ప్రతి ఉగాదికీ గుడితో పాటు దానికీ సున్నం కొట్టి ఎర్రజాజు పట్టెలు తీసి తీసి అక్షరాలు పూడిపోయాయి. వేలితో తడిమితే ఒకటి రెండు వంకర్లు తగులుతాయి, అంతే. దానికంటే పాతది వీరగల్లు, పోరులో చచ్చినవాడికి నిలిపిన రాయి. కత్తి పట్టుకున్న మనిషి, కాళ్ళ దగ్గర ఒక కుక్క. మనిషి ఎవరో తెలిసినవాళ్ళు లేరు. కుక్కకు మాత్రం మా పిల్లలం ఒక పేరు పెట్టుకున్నాం.

ఇవన్నీ నిన్న మొన్నటివి అనిపించేలా చేసేది పాటిదిబ్బ. పాటి అంటే ఒకప్పుడు ఊరుండి, జనం లేచిపోయిన చోటు. మా ఊరికి పడమట, బీడు భూముల అంచున, బూడిద రంగు మట్టితో గుట్టలా ఉంటుంది. దాని మీద ఇల్లు లేదు, చెట్టు లేదు. నెత్తిన తలా భుజాలూ చెక్కిన ఒక రాయి మాత్రం ఉంది. ఆ రాయే మా గ్రామదేవత. పైన కప్పు లేదు, చుట్టూ గోడ లేదు. మంగళవారం మంగళవారం పూజారి తాత పోయి ఇన్ని నీళ్ళు పోసి, కుంకుమ పెట్టి, దీపం వెలిగించి వచ్చేవాడు.

అక్కడి మన్ను మంచి ఎరువు. ఎండాకాలంలో పనులు లేనప్పుడు రైతులు దిబ్బ తూర్పు పక్కను తవ్వి, బండ్లకు ఎత్తి, చేలల్లో చల్లుకునేవాళ్ళు. మా తాతలూ వాళ్ళ తాతలూ అదే పని చేశారు. అలా పాత ఊరు కొంచెం కొంచెంగా చేలల్లో కలిసి, జొన్నలై, రొట్టెలై మా కడుపుల్లోకి వచ్చింది. ఆ మన్నుతో పాటే పెంకులూ పూసలూ చేలల్లోకి వచ్చాయి. జొన్నగిరి పక్క వజ్రాలు వెతికినట్టు మా పిల్లలం వాన వెలిశాక ఎర్రపూసలు వెతికేవాళ్ళం.

ఈ దిబ్బ చరిత్ర ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం మా ఊరికి అవసరపడింది. అందరికంటే ఎక్కువగా మా అత్తకు అవసరపడింది.

అత్త మా నాయనకు అక్క. మొగుడు పోయాక చిన్న కూతురిని చంకన వేసుకొని పుట్టింటికి వచ్చింది. కూతురికి పెళ్ళి చేసి పంపాక ఒంటరిగా మా ఇంట్లోనే ఉండిపోయింది. మా ఇల్లంటే మూడంకణాల మిద్దె. అందులో ఆమెకు చోటు లేదు. మిద్దెను ఆనుకొని పశువుల కొట్టం ఉండేది. దానికి జొన్నదంట్ల తడిక ఒకటి అడ్డం కట్టి, అవతల ఎద్దులూ ఇవతల అత్తా. ఆమెను ఎవరూ ఒక మాట అన్నది లేదు. కూలికి పోయేది, తన గింజలు తాను తెచ్చుకునేది, తన పొయ్యి మీద తాను వండుకునేది. అయినా మా అమ్మకూ ఆమెకూ పొద్దున లేస్తే మాటల పందెం.

"వదినా, నీ కోడి మళ్ళా నా గింజల్లో పడింది."

"కోడికి నీ ఇల్లు, నా ఇల్లు అని తెలుస్తాదా మే? తెలిసింటే నాకంటే ముందే సిగ్గుపడి ఊరిడిసి పోయిండేది."

అమ్మ నవ్వేది. అత్త నవ్వేది కాదు, కోడిని అదిలించేది.

ఆ సంవత్సరం ఇల్లు లేనివాళ్ళకు ప్రభుత్వం ఆడవాళ్ళ పేరు మీద ఇండ్లు మంజూరు చేసింది. పట్టాలు వచ్చినవాళ్ళలో అత్త ఒకతె. ఆ రోజు నుంచి ఆమె కూలి నుంచి వట్టి చేతులతో ఇంటికి రాలేదు. చేలో రాయి కనిపిస్తే నెత్తిన పెట్టుకొని వచ్చి కొట్టం వెనక పడేసేది. గుప్పిట్లో పట్టే రాళ్ళు కావు, పునాదికి పనికొచ్చే రాళ్ళు. చీకట్లో నాయన వాటికి తట్టుకొని బొటనవేలు పగలగొట్టుకున్నాడు.

"అక్కా, ఇల్లు సర్కారు కట్టిస్తాది. నువ్వు రాళ్ళు మొయ్యాల్సిన పని లేదు."

"సర్కారు ఎంత రాయి ఇస్తాదో నీకు తెలుసునా? అల్లుడిని అడుగు. వాడు ఇంజినీరు."

నేను ఇంజినీరును కాను. డిప్లొమా ముగించి, ఉద్యోగం రాక, ఆ ఇండ్ల పనికే రోజుకూలి మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరినవాణ్ణి. టేపు, రసమట్టం, తూకపు గుండు మోసుకుంటూ ఓవర్సీరు వెంట తిరగటమే నా ఉద్యోగం. అయినా మా ఊరి పనే నా మొదటి పని కావటంతో అత్త నన్ను కొత్త పెళ్ళికొడుకును చూసినట్టు చూసేది. మధ్యాహ్నం నా జొన్నరొట్టెలో శెనక్కాయల ఊరిబిండి ఒక ముద్ద ఎక్కువ పడేది.

తంటా ఎక్కడ వచ్చిందంటే, మా ఊరి చుట్టూ సర్కారు భూమి అన్నది పాటిదిబ్బ ఒక్కటే. మిగిలిందంతా రైతుల పట్టా రేగడి. అది కొనటానికి లేదు, కొన్నా రేగడి మీద ఇల్లు నిలవదు. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి గోడను చీలుస్తుంది. రెవెన్యూవాళ్ళు వచ్చి దిబ్బను చూసి, ఇక్కడే అని రాసుకొని పోయారు. ఆ మాట వినగానే ఊరు ఒప్పుకోలేదు.

రచ్చకట్ట మీద కూర్చోబెట్టి ఓవర్సీరు చెప్పాడు: "వానలు పట్టేలోగా పునాదులు తీయకపోతే ఈ ఇండ్లు వేరే ఊరికి పోతాయి. తర్వాత నన్నేమీ అనొద్దు."

ఊరి పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. స్తంభాల మిద్దె, రెండు జతల ఎడ్లు ఉన్న మనిషి. ఊళ్ళో ఏ మాటయినా ఆయనతో మొదలై ఆయనతో ముగుస్తుంది. "సారూ, దాన్ని మా పెద్దోళ్ళు వద్దని వదిలేసి వచ్చినారు. వాళ్ళు వదిలేసిన ఊరికి మేం మళ్ళా ఎట్ల పోయేది?"

"ఎందుకు వదిలేసినారు?"

దానికి అందరూ ఒక్కసారే జవాబు చెప్పారు. ఆ గోలలో నేను విడదీసుకోగలిగినవి నాలుగు. ఒకటి, ఎలుకలు రాలి, మనుషులకు చంకల్లో గడ్డలు లేచి, ప్లేగుతో పోయారు. రెండు, గుర్రాలవాళ్ళు తగలబెట్టారు, దిబ్బలో బూడిద అందువల్లే. మూడు, బావి ఉప్పుబారింది. నాలుగోది చెప్పేటప్పుడు అందరూ గొంతు తగ్గించారు. కరువు కాలంలో ఎండన పడి ఒక గాజులామె వచ్చిందట. ప్రతి గడపలో నీళ్ళు అడిగిందట. కుండ అడుగున ఉన్న నీళ్ళు పిల్లలకు కావాలని ఎవరూ పోయలేదట. ఆమె ఊరి చివర పడిపోతూ, ఈడ ఇంటిదీపం నిలవకుండా పోనీ అని శాపం పెట్టిందట. అందుకే ఇప్పటికీ మా ఊరికి గాజులామె వస్తే ముందు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి, ఆ తర్వాతే గాజుల సంగతి ఎత్తుతారు.

మొదటి మూడింటికీ ఎవరూ భయపడటం లేదు. ప్లేగు పోయింది, గుర్రాలవాళ్ళు పోయారు, బావికి బదులు బోరు వేసుకోవచ్చు. అందరి భయమూ నాలుగోదే.

"పాటి మీది అమ్మనడుగుదాం. అమ్మ ఏం సెప్తే అది" అన్నాడు పెద్దాయన. అత్త మిగతా ఆడవాళ్ళతో పాటు రచ్చకట్టకు దూరంగా నిలబడి వింటోంది. ఆమె మొహం చూశాను. పొద్దుటి నుంచి మాట్లాడనే లేదు. అత్త విషయంలో అది జ్వరం కంటే ఎక్కువ.

మా పక్క పువ్వు అడగటం ఇలా ఉంటుంది. తడిపిన గన్నేరుపూలు రెండు తీసుకొని దేవత రెండు భుజాల మీదా అంటిస్తారు. అడిగే మనిషి తలస్నానం చేసి, తడిబట్టతో ఎదురుగా నిలబడి, ఒడి పట్టి, మనసులో మాట అడుగుతాడు. కుడి పువ్వు ముందు రాలితే సరే అన్నట్టు. ఎడమ పువ్వు రాలితే వద్దన్నట్టు. మధ్యాహ్నం దాటాక ఊరంతా దిబ్బ కింద చేరింది. ఆడవాళ్ళను కిందనే ఆపేశారు. పైన పూజారి తాత, పెద్దాయన, ఇంకో ఇద్దరు ముగ్గురు పెద్దలు మాత్రమే. టేపు పట్టుకొని ఉన్నాను గనక నన్ను ఎవరూ ఆపలేదు. పెద్దాయన పైపంచె కొసలు పట్టి ఒడి చాచాడు. పువ్వు పెట్టీ పెట్టకముందే ఎడమది ఎగిరి అవతల పడింది.

ఎందుకు పడిందో నాకు కళ్ళెదుటే కనిపించింది. అమ్మవారు తూర్పు ముఖంగా ఉంటుంది. ఆ కాలంలో మా పక్క గాలి నైరుతి నుంచి వస్తుంది, మధ్యాహ్నమైతే చెవుల్లో హోరెత్తుతుంది. కుడిభుజం మీది పువ్వును ఆ గాలి రాతి తలకేసి అదిమి పెడుతుంది, ఎడమభుజం మీది పువ్వును తోసేస్తుంది. ఆ గంటలో ఎన్నిసార్లు అడిగినా ఎడమే. దిగేటప్పుడు నాయనతో ఈ మాట అన్నాను.

"నోరు మూసుకో. అమ్మకు గాలి సంగతి నువ్వు నేర్పించేది?" అన్నాడు నాయన. కోపంగా అనలేదు. భయంగా అన్నాడు.

ఆ సాయంత్రం అత్త కొట్టం వెనక తన రాళ్ళ కుప్ప మీద కూర్చుంది. అమ్మ తమాషాకు, "వదినా, ఆ రాళ్ళతో నా పొయ్యి పక్కన గట్టు కట్టుకుందాం లే, దుత్తలు పెట్టుకోను పనికొస్తాది" అంది.

"నవ్వు మే, నవ్వు. నీకు మిద్దె ఉండాది, నవ్వుతావు."

అమ్మ నవ్వు ఆపేసింది. లోపలికి పోయి, రొట్టె, పుంటికూర పప్పు ఒక తట్టలో పెట్టుకొచ్చి ఆమె పక్కన రాళ్ళ మీదే కూర్చుంది. చీకటి పడేసరికి తట్ట ఖాళీ అయింది.

ఊరు వద్దన్నా నా పని ఆగదు. ఇండ్లు కట్టినా, కట్టకుండా ఫైలు మూసినా, నేల ఎలాంటిదో రాయాలి. అందుకు పరీక్ష గుంత తీయాలి. ఓవర్సీరు చెప్పినట్టు దిబ్బకు తూర్పు పక్క, బండ్లవాళ్ళు తవ్వుకుపోయిన అంచు నుంచి కొంచెం పైకి, కూలీలను పెట్టి నిలువుగా గుంత తీయించాను. మన్ను కోసం తవ్వే రైతు అడ్డదిడ్డంగా తవ్వుతాడు. నాకు గోడలు తూకపు గుండుకు సరిగ్గా నిలవాలి. అలా చెక్కిన గోడను నీళ్ళు చిలకరించి చూసేసరికి మా ఊరి చరిత్ర అడుగు నుంచి పైదాకా అచ్చు వేసినట్టు కనిపించింది.

అడుగున పసుపుపచ్చ మొరం, పునాది నిలిచే గట్టి గరప నేల. దాని మీద గట్టిగా దంచిన ఎర్రమట్టి నేల, ఇంటి నేల. దాని మీద బూడిద, పెంకులు, కాలిన జొన్నగింజలు. ఆ పైన జానెడు మందం మెత్తటి దుమ్ము. అందులో ఏమీ లేదు, పెంకు లేదు, బొగ్గు లేదు. గాలి తెచ్చి పోసిన దుమ్ము. ఆ పైన మళ్ళీ ఎర్రమట్టి నేల, మళ్ళీ బూడిద, మళ్ళీ దుమ్ము. మళ్ళీ నేల.

నాకు అన్నం తెచ్చిన అత్త గుంత గట్టు మీద నిలబడి, "ఏం అల్లుడా, గోడతో మాట్లాడతాండావా?" అంది. తర్వాత చీర ఎగదోపుకొని తానూ దిగింది. నేను చెప్పాను. దుమ్ము ఉందంటే అప్పుడు మనుషులు లేరన్నట్టు. మనుషులు ఉంటే ఊడుస్తారు, అలుకుతారు. నేల ఉందంటే మనుషులు వచ్చారన్నట్టు.

"అంటే పోయినారు, వచ్చినారు. మళ్ళా పోయినారు, మళ్ళా వచ్చినారు."

"అంతే అత్తా."

ఆమె గోడకు దగ్గరగా పోయింది. ఒక్కో నేల మీద కాలి నల్లబడ్డ రాళ్ళున్నాయి, పొయ్యి రాళ్ళు. ఆమె కింది పొయ్యిని, దాని పైదాన్ని, ఆ పైదాన్ని చూసింది. మూడూ ఇంచుమించు ఒకే మూలన ఉన్నాయి.

"పొయ్యి జాగా తెలిసినోళ్ళే వచ్చినారు. పరాయోళ్ళు కాదు."

"అట్లని చెప్పలేం అత్తా. గాలి నైరుతి నుంచి వస్తాది. ఎవరు వచ్చినా పొగ ఇంట్లోకి కొట్టకుండా ఆ మూలనే పెట్టుకుంటారు."

"ఆ గాలి ఇప్పుడూ అదే కదా. నేను పెట్టుకున్నా ఆ మూలనే పెట్టుకుంటా" అని, ఆలోచిస్తూ రొట్టె మూట నా చేతిలో పెట్టి, తినమని చెప్పటం కూడా మరచి గట్టు ఎక్కింది.

నేను ఈ సంగతి రచ్చకట్ట మీద చెప్పి చూశాను. పెద్దాయన ఓపికగానే విన్నాడు. "పోయినోళ్ళు మళ్ళా వచ్చినారని నీకెవురు సెప్పినారప్పా, దుమ్మా? బాగుంది. అమ్మ వద్దన్నాక దుమ్ము రమ్మంటే పోతామా?" అందరూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది. ఆయన మాటలో తప్పు పట్టడానికి లేదు.

అత్త మాత్రం రచ్చకట్టకు రాలేదు. నేరుగా పూజారి తాత ఇంటికి పోయింది. ఏం జరుగుతుందో చూద్దామని నేనూ వెంట పోయాను. తాత గడప మీద కూర్చొని దీపానికి వత్తులు చేస్తున్నాడు.

"తాతా, పువ్వు అడిగేటప్పుడు ఒడి ఎవురు పట్టాల?"

"అడిగేటోళ్ళు పట్టాల. బిడ్డ కావాలంటే బిడ్డ లేనామె పట్టాల. ఎద్దు పోతే ఎద్దుగల్లాయన పట్టాల. ఒకరి ఒడి ఇంకొకరు పట్టేది లేదు."

"మొన్న ఎవురు పట్టినారు?"

"పెద్దాయన."

"పెద్దాయనకు ఇల్లు లేదా తాతా?"

తాత వత్తి మీద నుంచి చెయ్యి తీయలేదు.

"స్తంభాల మిద్దె ఉండాది. దూలాలు టేకువి. ఆ మిద్దె వదిలి ఆయన పాటి మీదికి వస్తాడా? అమ్మ ఏమనుకుంటాది? వీనికెందుకు ఇల్లు, వద్దు పో అంటాది. నేనైనా అదే అంటా."

తాత వత్తి పక్కన పెట్టేశాడు. ఊరి తరఫున ఊరి పెద్ద అడగటం అన్నది వానకూ జాతరకూ ఎప్పుడూ ఉన్నదే. ఆ అలవాటులోనే ఇదీ జరిగిపోయింది. ఇల్లు అడగటం వానను అడగటం లాంటిది కాదని ఆయనకు గానీ, పెద్దాయనకు గానీ, నాకు గానీ తట్టలేదు.

"తప్పు జరిగింది మే" అన్నాడు చివరకు. "మంగళవారం పొద్దున్నే రాండి. పట్టా వచ్చినోళ్ళందరూ రావాల. ఎవరి ఒడి వాళ్ళు పట్టుకోవాల. ఈసారి కూడా అమ్మ వద్దంటే మాత్రం ఇంక నా గడప తొక్కద్దు."

"వద్దంటే ఇంక యాడికి వస్తాను తాతా. ఆ ఎద్దుల పక్కనే పోతాను" అంది అత్త.

మంగళవారం ఎండ ఎక్కకముందే పట్టాలు వచ్చిన ఆడవాళ్ళందరూ తడిచీరలతో దిబ్బ ఎక్కారు. ఊరి పెద్దలు ఈసారి కింద నిలబడ్డారు. పెద్దాయన అడ్డుచెప్పలేదు, "అడగనీ, అమ్మ నా ఒక్కడికే అమ్మ కాదు గదా" అన్నాడట. అయినా కింది నుంచి ఎవరో అన్నారు: "తాతా, బొట్టు లేని మనిషి ముందర నిలబడచ్చునా?"

"అమ్మకు మాత్రం మొగుడు యాడుండాడు? నిలబడనీ" అన్నాడు తాత.

పూలు పెట్టాడు. అత్త ముందు, మిగతావాళ్ళు ఆమె వెనక, అందరూ చీరచెంగులు చాచి పట్టుకున్నారు. పొద్దున్న పూట గాలి లేదు. పూలు కదల్లేదు. ఎండ ఎక్కింది. పూలు కదల్లేదు. ఒకామె పిల్ల ఏడుస్తుంటే కాలితో జోకొడుతోంది గానీ చెంగు వదల్లేదు. అత్త చేతులు కిందికి జారుతుంటే మళ్ళీ మళ్ళీ పైకెత్తుకుంటోంది. ఆమె ఒడి ఇంకొకరు పట్టటానికి లేదు. అప్పుడు మా అమ్మ కింది నుంచి ఎక్కి వచ్చింది. పట్టాతో ఆమెకు పని లేదు, ఒడితో పని లేదు. వచ్చి తువ్వాలు విప్పి అత్త తల మీద నీడ పట్టింది.

"పో మే, ఇంట్లో పనుండదా?" అంది అత్త తల తిప్పకుండా.

"ఉండాది. నువ్వు మా ఇల్లిడిసి పోతే చేసుకుంటా. ముందు నీకు ఇల్లు రానీ."

నాకు ఇంకో భయం పట్టుకుంది. పడమటి బీడులో దుమ్ము లేవటం కనిపించింది. గాలి బయల్దేరింది. అది దిబ్బ చేరిందంటే ఎడమ పువ్వు నిలవదు. నేను చెప్పటానికి లేదు, చేయటానికీ లేదు. గాలి రానే వచ్చింది. తడి ఆరిన చీరలు రెపరెపలాడాయి. ఆడవాళ్ళు కళ్ళల్లో దుమ్ము పడుతుంటే ముఖాలు పక్కకు తిప్పుకొని, ఒకరికొకరు దగ్గరగా జరిగారు. ఆ జరగటంలో వెనకవాళ్ళు పక్కలకు వచ్చారు, పక్కలవాళ్ళు రాయి వెనక్కు పోయారు. నేను చూస్తుండగానే అమ్మవారి రాయి చుట్టూ మనుషుల గోడ, ఆ గోడకు చాచిన చెంగుల దడి. ఎవరూ అనుకొని చేసింది కాదు. లోపల గాలి నిలిచిపోయింది.

కాసేపటికి కుడి పువ్వు జారి పడింది.

"కుడి!" అని అరిచింది పిల్లను జోకొడుతున్నామె. తాత వంగి పువ్వు తీసి కళ్ళకద్దుకొని, ఇంక ఎవరి చేతిలో పెట్టాలో తెలియక అందరినీ చూశాడు. అత్త అక్కడే కూలబడిపోయింది. చేతులు మాత్రం చెంగు పట్టుకున్నట్టే ఉన్నాయి, అమ్మ ఒక్కో వేలూ విప్పాల్సి వచ్చింది.

గాలి ఆగితే ఏ పువ్వు ముందు రాలుతుందన్నది సగం సగం. అంతవరకే నేను చెప్పగలను. ఈసారి నాయనతో కూడా ఏమీ అనలేదు. ఓవర్సీరుకు మాత్రం అంతా వివరంగా చెప్పాను. ఆయన సిగరెట్టు పారేసి, "గుంతలో మొరం తగిలిందా?" అన్నాడు.

"తగిలింది సార్."

"అది రాసిపెట్టు. పూలూ గాలీ నా ఫైల్లోకి రావొద్దు."

ఇండ్లు దిబ్బ మీద కట్టలేదు. దిబ్బ తూర్పు భుజాన, తరతరాలుగా బండ్లవాళ్ళు మన్ను తోలుకుపోయి మొరం తేలిన చోట కట్టాం. ఎరువు కోసం తవ్వుకున్నవాళ్ళు తమకు తెలియకుండానే మనుమళ్ళకు ఇంటి జాగా చదును చేసిపెట్టారు. పైభాగం అమ్మవారికి వదిలేశాం. పునాదులు తీసేటప్పుడు దొరికిన పెంకులూ పూసలూ ఆమె చుట్టే పేర్చారు. అత్త మోసిన రాళ్ళు తన ఇంటి పునాదిలోకే పోయాయి. కొన్ని మిగిలితే పక్కింటామె అడిగింది. ఇచ్చింది గానీ, ఏ రాయి ఏ చేలోదో చెప్పి మరీ ఇచ్చింది.

ఇప్పుడు నేను ఎమ్మిగనూరులో పని చేస్తున్నాను. సెలవుకు ఊరికి పోయినప్పుడు రచ్చకట్ట మీద కూర్చుంటే, ఊరు ఎందుకు లేచిపోయిందన్న దానికి అయిదో కథ ఒకటి వినబడుతోంది. మా పెద్దోళ్ళు కరువొస్తే పోయేవాళ్ళు, కరువు తీరితే వచ్చేవాళ్ళు, వాళ్ళకది మామూలే అని. చెప్పేది పెద్దాయనే. ఎవరు చెప్పారని నేను అడగలేదు.

అత్త కొత్తింట్లో చేరిన సంవత్సరం వానలు బాగా పడ్డాయి. ముసురు పట్టిన ఒక పొద్దున నాయన జొన్నల మూట భుజాన వేసుకొని బయల్దేరితే నేనూ వెంట పోయాను. రేకు తలుపు వేసి ఉంది. నాయన తలుపు ముందు నిలబడ్డాడు. అక్క తన కొట్టంలో ఉన్నన్నాళ్ళూ ఆయన తడిక జరిపి లోపలికి పోయేవాడు. ఇక్కడ ఏం చేయాలో తెలియక మూట ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. చివరకు వేళ్ళతో రేకు మీద కొట్టాడు.

"ఎవురప్పా అది?"

"నేనే."

"నేనే అంటే?"

నాయన నా వైపు చూశాడు. "నీ తమ్ముడు" అన్నాడు.

"అట్ల సెప్పు. తొట్టిలో నీళ్ళుండాయి, కాళ్ళు కడుక్కొని రా. ఇప్పుడే అలికినా, ఇంకా ఆరలేదు. నడిమధ్యలో తొక్కినావంటే చూడు."

నాయన కాళ్ళు కడుక్కున్నాడు. పంచె ఎగ్గట్టి, భుజాన మూటతో, అంత మనిషి మునివేళ్ళ మీద గోడవారగా నడుచుకుంటూ లోపలికి పోయాడు.